మగ్గం మీద కొలిచిన గాలి

పోయిన నెల మా కాకను చూడడానికి పంజగుట్ట వెళ్లాను. కాక అంటే మా నాయిన తమ్ముడు, పేరు కనకయ్య. మెట్రో స్తంభాలకు ఆనుకున్నట్టే ఉండే ఒక అపార్ట్‌మెంటులో కొడుకు రవి దగ్గర ఉంటాడు. ఊపిరితిత్తులు చెడిపోయి, కొంతకాలంగా ముక్కుకు గొట్టం పెట్టుకునే బతుకుతున్నాడు. మంచం పక్కన చిన్న బీరువా అంత మిషన్ ఒకటి గురగురమంటూ ఉంటుంది. అది గదిలోని గాలినే పీల్చి, అందులోంచి ఆక్సిజన్‌ను వేరు చేసి గొట్టంలోకి పంపుతుంది. ముందువైపు ఒక సన్నని గాజు గొట్టం, అందులో తేలే చిన్న గోళీ. గోళీ ఏ గీత దగ్గర నిలిస్తే నిమిషానికి అన్ని లీటర్లు పోతున్నట్టు లెక్క. రవి పొద్దున్నే ఆ గోళీని ఫోటో తీసి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడతాడు. అందరూ దండాలు, పువ్వుల బొమ్మలు పెడతారు. నేనూ పెట్టాను.

ఆ రోజు కాక నన్ను చూసి లేవబోయి, లేవలేక, నా చేయి పట్టుకున్నాడు. కాసేపు మా పిల్లల సంగతి, మోకాళ్ల నొప్పుల సంగతి మాట్లాడుకున్నాం. ఆ తరవాత గొంతు తగ్గించి, కొడుకు వింటాడేమోనన్నట్టు తలుపు వైపు చూసి, "గాలి వస్తలేదు బిడ్డా" అన్నాడు. రవి విననే విన్నాడు. "వస్తుంది నాయినా, గోళీ అయిదు మీదనే ఉన్నది, జర సూడు" అని, నా వైపు తిరిగి, "రోజూ గిదే అక్కా. మిషన్ మంచిగనే ఉన్నది. ముసలితనం, భయం" అన్నాడు. రవి చెడ్డవాడు కాడు. ఆఫీసు కాల్ మధ్యలో లేచివచ్చి తండ్రికి స్నానం చేయించేవాడు చెడ్డవాడెట్లా అవుతాడు? కాక కళ్లు మూసుకున్నాడు. కొడుకు ముందు ఓడిపోయిన మొహం కాదది. అంతకు చాలాకాలం ముందే, ఇంకో చోట ఓడిపోయి అలవాటైన మొహం. ఆ మొహాన్ని నేను నా చిన్నతనంలో మా షెడ్డులో చూశాను. ఆ మాటను కూడా అక్కడే, అచ్చంగా అట్లాగే విన్నాను.

మా షెడ్డు అమీర్‌పేటలో ఉండేది. ఇప్పుడు ఆ గల్లీలో నాలుగంతస్తుల నిండా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. అప్పుడు రేకుల షెడ్డు, దాని వెనక రెండు గదుల ఇల్లు, మధ్యలో బోరింగు. స్టీలు బీరువాలు చేసేవాళ్లు తయారైన బీరువాలను మా దగ్గరికి పంపేవాళ్లు. వాటికి పుట్టీ పెట్టి, రుద్ది, ప్రైమర్ కొట్టి, ఆ పైన రంగు కొట్టి పంపడం మా పని. ఇల్లంతా థిన్నర్ వాసన. పప్పులో ఆ వాసనే, దుప్పట్లలో ఆ వాసనే. అమ్మ షెడ్డు బట్టలకు వేరే బకెట్టు పెట్టింది కానీ బకెట్టుకు తెలిసిన భేదం వాసనకు తెలియలేదు. మా చిన్నమ్మ, అంటే కాక భార్య, పెండ్లయి వచ్చిన కొత్తలో అన్నం ముందు కూర్చుని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. తరవాత తరవాత పుట్టింటికి పోతే అక్కడి గాలే చప్పగా ఉందని చెప్పేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నన్ను 'బీరువా' అని పిలిచేది. నాకు కోపం రాలేదు. కొత్త బీరువా తలుపు తీసినప్పుడు వచ్చే వాసన నిజంగానే నాది.

నాయిన పేరు రాజేశం. సిరిసిల్లలో మగ్గాల మధ్య పుట్టి పెరిగాడు. మా తాత గుడ్డను మగ్గం మీద, బిగువుగా ఉన్నప్పుడే మూరకర్రతో కొలిచి లెక్క పెట్టుకునేవాడట. గుడ్డ కొనే సేటు మాత్రం దాన్ని దించి, తడిపి, ఆరేసి, అప్పుడు కొలిచేవాడు. ఎప్పుడూ తక్కువే వచ్చేది. ఆ తేడా మీద తాతకూ సేటుకూ జీవితకాలం పోట్లాట నడిచింది. సేటు చేతిలోని కర్రే వంకరదని నాయిన చిన్నప్పుడే నిర్ణయించుకున్నాడు. మనిషి చేతిలో కొలత ఉన్నంతకాలం పేదవాడు ఓడుతూనే ఉంటాడని, ఫ్యాక్టరీలో అచ్చు కొట్టిన అంకెకు కులం లేదు, పక్షపాతం లేదు అని అనేవాడు. దేవుడి పటం లేని మా ఇంట్లో అచ్చుకు ఆ గౌరవం ఉండేది. వార్తాపత్రికను తొక్కితే అమ్మ కళ్లకద్దుకునేది. నాయిన అమ్మను ఎగతాళి చేసి, తను మాత్రం ఆ పత్రికను మడత నలగకుండా తీసి బల్ల మీద పెట్టేవాడు.

ఆదివారం షెడ్డుకు సెలవు. బీరువాలను గోడకు జరిపి, గోనెపట్టాలు పరిచేవాళ్లం. అట్లా పరిచిన చోట ఎంత వాదన నడిచిందో చెప్పలేను. వడ్రంగులు, టైలర్లు, ఆఫీసు గుమాస్తాలు, శ్రీనగర్ కాలనీ నుంచి సైకిలు మీద వచ్చే ఒక మాస్టారు. ఆయన కోస్తా మనిషి. ఆత్మ ఉందా, జాతకం నిజమా, ఆడపిల్ల కొరివి పెట్టవచ్చా, ముహూర్తం లేకుండా పెండ్లి చేస్తే ఏమవుతుంది, ఇవీ ప్రశ్నలు. ఎవరు ఏమన్నా నాయిన దగ్గర ఒకే మాట ఉండేది: "చూపియ్." దయ్యం ఉందంటే చూపియ్. తాయెత్తుతో జ్వరం తగ్గిందంటే, కట్టనివాడికి తగ్గలేదని చూపియ్. నేను ఆ గోనెపట్టా మీద, చాయ్ గ్లాసులు అందిస్తూ, ఆ మాట మీదే పెరిగాను. తరవాత హేతువాద పత్రికల్లో నేను రాసిన ప్రతి వ్యాసం, నేను తిన్న ప్రతి తిట్టు ఆ మాట నుంచే వచ్చాయి. దాన్ని నేను ఇప్పటికీ వదులుకోను. దాని వల్ల ఏం జరిగిందో చెప్పకుండా దాన్ని పొగడడం మాత్రం ఇక నాతో కాదు.

షెడ్డులో రంగు కొట్టే గన్ను పట్టేది ఇద్దరు, మా కాక, యాదగిరి అనే పనివాడు. ముక్కుకు తడి తువాలు కట్టుకుని కొట్టేవాళ్లు. సాయంత్రానికి తువాలు బీరువా రంగులోకి మారేది. పని దిగగానే ఇద్దరూ బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాళ్లు. ఊపిరితో పోయిన రంగు బెల్లంతో కడుపులోకి జారిపోతుందని వాళ్ల నమ్మకం. ఊళ్లో ఉన్న ప్రతి రంగుపనివాడి నమ్మకమూ అదే. నాయినకు ఆ బెల్లాన్ని చూస్తే ఒళ్లు మండేది. "ఊపిరి తొవ్వ వేరే, బువ్వ తొవ్వ వేరే. బెల్లం గా తొవ్వల ఎట్ల పోతదిరా?" అని గొంతు మీద వేలు పెట్టి చూపించేవాడు. యాదగిరి దసరాకు గన్నుకూ, దానికి గాలి నొక్కి పంపే కంప్రెషర్‌కూ పసుపు రాసి బొట్టు పెడితే నాయిన థిన్నర్ గుడ్డతో తుడిచేవాడు. యాదగిరి మళ్లీ పెట్టేవాడు. ఇద్దరూ నవ్వుకుంటూనే ఈ యుద్ధం ఏటేటా చేసేవాళ్లు.

నాయిన ఉత్త మాటల మనిషి అయితే ఈ కథ లేదు. బెల్లం వద్దన్నవాడు బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలని ఆయనకు తెలుసు. మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ సామాను వేలంలో గాలిటోపీ ఒకటి దొరికింది. తల మొత్తం కప్పి భుజాల మీదికి దిగే రెక్సిన్ ముసుగు, కళ్ల ముందు అద్దం, వెనక నుంచి గొట్టం. ఆ గొట్టంలోకి కంప్రెషర్ నుంచి వడకట్టిన గాలి వస్తే అది ముసుగు నిండి, అంచుల కింది నుంచి బయటికి పోతుంది. బయటి రంగు పొగ లోపలికి రాలేదు. దాని కోసమే పాతది అమ్మి కొత్త కంప్రెషర్ కొన్నాడు. దాని ఒంటి మీద ఇత్తడి పలక. నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అన్నది ఆ పలక మీద అచ్చు కొట్టి ఉంది. అంకె కింద చిన్న అక్షరాల్లో ఒక ఇంగ్లిషు మాట. నాయిన దాన్ని చదివాడు, కంపెనీవాళ్ల భాష ఏదో అనుకుని వదిలేశాడు. రెండు గన్నులకు ఇంత కావాలి, టోపీకి ఇంత, కలిపితే పలక మీది అంకె కంటే తక్కువే అని సుద్దముక్కతో గోడ మీద వేసి మా అందరికీ చూపించాడు. ఆ కూడికలో తప్పు లేదు. ఆ గాలిటోపీ మా గల్లీలో ఒక వింత. ఇరుగుపొరుగు షెడ్లవాళ్లు చూసిపోయారు. టోపీ ఒక్కటే దొరికింది కాబట్టి అది కాకకు. యాదగిరి తువాలుతోనే ఉండిపోయి, "కనకన్నా, మొకం మీద తెర కట్టిన పెండ్లికొడుకు లెక్కున్నవ్" అని ఆట పట్టించేవాడు.

కాక వారం తిరక్కుండానే టోపీ తీసి పక్కన పెట్టి తువాలు కట్టుకోవడం మొదలుపెట్టాడు. నాయిన చూసి మళ్లీ పెట్టించాడు. కాక మళ్లీ తీశాడు. ఏమయిందిరా అంటే, "గాలి వస్తలేదన్నా" అన్నాడు. నాయిన ముసుగులో చేయి పెట్టి చూశాడు. అప్పుడు గన్నులు ఆపి ఉన్నాయి. చేతికి గాలి ఈడ్చి కొట్టింది. కంప్రెషర్ మీది గేజు చూశాడు, ముల్లు నిండుగా ఉంది. పలక మీద అంకె ఎప్పటిలాగే ఉంది. ఇంత కనబడుతుంటే రావడం లేదంటాడేమిటి? ఇది బెల్లం పాడిన పాట అనుకున్నాడు నాయిన. తమ్ముడికి పాత అలవాటు మీద మమకారమనీ, దాన్ని విడిపించాలనీ అనుకున్నాడు. ఆయనకు తెలిసిన మందు ఒకటే, ఆదివారం.

ఆ ఆదివారం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. నాయిన కంప్రెషర్ నడిపించి, దాని గాలి ట్యాంకు నింపి, అందరి ముందూ గాలిటోపీ తనే తల మీద పెట్టుకున్నాడు. కుండలోంచి వచ్చినట్టు గొంతు వస్తుంటే ఆ ముసుగులోంచే ఒక పుస్తకంలో పుటలకు పుటలు గట్టిగా చదివాడు. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. టోపీ తీసి, చెమట కూడా పట్టని మొహంతో, "ఇప్పుడు చెప్పురా" అన్నాడు. కాక వెనకాల బీరువాకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చదువుకున్నవాళ్ల మధ్య మాట్లాడే అలవాటు ఆయనకు లేదు. గోనెపట్టా అంచును కాలి వేలితో జరుపుతూ, ఒక్కటే మాట అన్నాడు. "ఆదివారం గాలి వేరే అన్నా. సోమవారం గాలి వేరే."

షెడ్డు ఘొల్లుమంది. జాతకాలను, రాహుకాలాలను, వర్జ్యాలను తూర్పారబట్టడానికి వచ్చి కూర్చున్న సభలో ఎవడో వచ్చి గాలికి కూడా వారం ఉందంటే నవ్వక ఏం చేస్తారు? శ్రీనగర్ కాలనీ మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఏంటి కనకయ్య గారూ, గాలికి వర్జ్యం కూడా ఉంటుందా?" అన్నారు. నాయిన నవ్వలేదు. తన తమ్ముడే, తన షెడ్డులోనే, వారాలూ వర్జ్యాలూ మాట్లాడుతున్నాడని ఆయన మొహం నల్లబడింది. మూఢనమ్మకం మన ఇంట్లో మన రక్తంలోనే ఎట్లా దాక్కుంటుందో ఆ రోజు చాలాసేపు ఉపన్యసించాడు. కాక పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం లేదు. మర్నాటి నుంచి కాక టోపీ తీయలేదు. సాయంత్రం ముసుగు విప్పితే మొహం ఎర్రగా ఉబ్బి ఉండేది. బోరింగు దగ్గర కూర్చుని చాలాసేపు దగ్గేవాడు. చిన్నమ్మ చాటుగా బెల్లం ముక్క తెచ్చి చేతిలో పెట్టేది. ఆయన దాన్ని గుప్పిట్లో దాచుకుని తినేవాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆదివారం గన్నులు ఆగి ఉంటాయి. ట్యాంకు నిండి ఉంటుంది. ఉన్న గాలంతా టోపీకే. సోమవారం రెండు గన్నులూ నడుస్తాయి. మా సభలో ఎవరికీ, రుజువు రుజువు అని రొమ్ము గుద్దుకునే ఒక్కరికీ, సోమవారం వచ్చి చూద్దామని తోచలేదు. పరీక్ష పెట్టామన్న తృప్తి అంతటిది. పనివాడు పని చేసే వేళ ఎట్లా ఉందో చూడకుండా, సెలవునాడు, మనకు తీరిక ఉన్న వేళ, మనకు అనువైన తీరులో పరీక్ష పెట్టి దాన్ని శాస్త్రం అన్నాం. ఒక మనిషి తన ఒంటి మీద తెలుసుకున్నది చెప్పడానికి వస్తే, అతని మాటతీరు మూఢనమ్మకంలా వినబడిందని కొట్టేశాం. భక్తుల గుడ్డితనం గురించి నేను సంచికలకు సంచికలు రాశాను. ఈ గుడ్డితనం గురించి ఇదే మొదటిసారి రాస్తున్నాను.

ఇవన్నీ అప్పుడు నాకు తెలియవు. పదో తరగతి అయ్యాక నాయిన పట్టుబట్టి నన్ను మాసబ్ ట్యాంక్ వైపు ఒక పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమాలో చేర్చాడు. క్లాసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. అక్కడ ఒక రోజు లెక్చరర్ సగానికి కోసిన కంప్రెషర్ సిలిండర్ తెచ్చి బల్ల మీద పెట్టారు. పిస్టన్ కిందికి దిగి పైకి లేచేటప్పుడు ఎంత చోటును ఊడుస్తుందో అది ఒక అంకె, గొట్టం చివర నిజంగా ఎంత గాలి వస్తుందో అది ఇంకో అంకె, ఈ రెండూ ఎప్పుడూ ఒకటి కావు అన్నారు. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినా తల దగ్గర కాస్త సందు ఉంటుంది. అందులో ఇరుక్కున్న నొక్కుడు గాలి, పిస్టన్ దిగేటప్పుడు మళ్లీ ఉబ్బి, కొత్త గాలికి చోటు ఇవ్వదు. కొంత రింగుల పక్క నుంచి కారిపోతుంది. వేడెక్కిన గాలి పల్చబడి తక్కువ పడుతుంది. అవతల ట్యాంకులో ఒత్తిడి పెరిగిన కొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. పలక మీద కంపెనీలు తరచుగా వేసేది మొదటి అంకె, ఎందుకంటే అది పెద్దది. మన పనికి కావలసింది రెండోది. ఇక గేజు చూపేది ఈ రెండూ కాదు. గాలి ఎంత గట్టిగా నొక్కుకుని ఉందో అది చెబుతుంది, ఎంత వస్తుందో చెప్పదు. లెక్చరర్ చిన్న సిలిండర్ల లెక్క ఒకటి వేయించారు. ఊడ్చిన దానిలో మూడింట రెండొంతులు బయటికి వస్తే గొప్ప అని తేలింది. నేను నోటుపుస్తకం మూసేశాను. మా ఇత్తడి పలక మీది చిన్న అక్షరాల మాట నాకు గుర్తుకు వచ్చింది. డిస్‌ప్లేస్‌మెంట్. ఊడ్చిన చోటు అన్నమాట.

ఆ రాత్రి అన్నాల దగ్గర నాయినకు చెప్పాను. ఆయన ముద్ద ఆపి, "పలక మీద అచ్చుంది" అన్నాడు. అచ్చు అబద్ధం చెప్పలేదు, అది ఒకటి చెబితే మనం ఇంకొకటి విన్నాం అన్నాను. లేచి షెడ్డులోకి పోయాను, గోడ మీద ఆయన సుద్దతో వేసిన కూడిక ఇంకా చెరగలేదు. దాని పక్కనే నేను నా లెక్క వేశాను. రెండు గన్నులు నడిస్తే టోపీకి మిగిలేది దాదాపు ఏమీ లేదు. ఆయన ఎంగిలి చేత్తోనే నా వెనక వచ్చి రెండు లెక్కలూ చదివాడు. తరవాత, నేను అనుకున్నట్టే, నన్ను కూడా అదే అడిగాడు. "చూపియ్."

మర్నాడు పని మధ్యలో చూపించాను. అమ్మ పాత చీర అంచు నుంచి సన్నని పీలిక చింపి, టోపీలో గాలి వచ్చే గొట్టం మూతికి కట్టి, టోపీని వాళ్లు రంగు కొట్టే చోటికి దగ్గరగా కొక్కేనికి తగిలించాను. గన్నులు ఆగి ఉంటే పీలిక గాలికి నిటారుగా లేచి రెపరెపలాడింది. కాకను, యాదగిరిని ఇద్దరినీ తువాళ్లు కట్టుకుని రంగు కొట్టమన్నాను. మొదట పీలిక అట్లాగే ఉంది, ట్యాంకులో దాచుకున్న గాలి ఉన్నంతసేపు. ఒక బీరువా తలుపు సగం అయ్యేసరికి పీలిక వంగింది. తలుపు పూర్తయ్యేసరికి తడిసిన ఈకలా వేలాడింది. కంప్రెషర్ మాత్రం రొప్పుతూనే ఉంది. రంగు పొగ ముసుగు కింది అంచు నుంచి లోపలికి పాకడం మేం అద్దంలోంచి చూశాం. గాలి లేని ముసుగు తువాలు కన్నా నయం కాదు. పొగను లోపలికి రానిచ్చి పోనివ్వని సంచి అది.

నాయిన ఆ పీలికను వేలితో ముట్టుకున్నాడు. అది కదలలేదు. "మగ్గం మీద కొలిచిన్నన్నమాట" అన్నాడు. అంత మాత్రమే. నాకు అర్థమైంది. తాత బిగువు మీద కొలిచాడు, సేటు దించి కొలిచాడు, ఇద్దరి కర్రలూ సరైనవే కావచ్చునని బహుశా ఆయనకు ఆ క్షణంలో మొదటిసారి తోచింది. ఆ మాట ఆయన నాతో అన్నాడు. నాలుగడుగుల దూరంలో గన్ను పట్టుకుని నిలబడ్డ తమ్ముడితో అనలేదు.

ఆ వారంలోనే టోపీకి మాత్రమే పనికొచ్చే చిన్న కంప్రెషర్ వేరే కొన్నాడు. తప్పు తెలిశాక దాన్ని దిద్దడంలో ఆలస్యం చేసే మనిషి కాడు. ఆదివారం సభలో ఈ సంగతి అంతా తనే చెప్పాడు. అచ్చు కొట్టిన అంకెను కూడా నిలదీయాలని, తన అహంకారాన్ని తన బిడ్డ శాస్త్రంతో కొట్టిందని, ఇంతకంటే గొప్ప గురుదక్షిణ లేదని చెప్పాడు. మాస్టారు లేచి నా తల మీద చేయి పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సభలో నా పేరు చాలాసార్లు వినబడింది. కాక పేరు ఒక్కసారి కూడా వినబడలేదు. చప్పట్లు అయ్యేసరికి బీరువా పక్కన ఆయన నిలబడే చోటు ఖాళీగా ఉంది.

బోరింగు దగ్గర ఉన్నాడు. బీడీ వెలిగించుకుని, నన్ను చూసి ఆర్పేశాడు. సంతోషంగానే ఉన్నట్టు నవ్వి, "మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నాడు. నేను ఆయన పక్కన గట్టు మీద కూర్చున్నాను. దగ్గు వచ్చి పోయాక, నా వైపు చూడకుండా, బోరింగు చేతిని కిందికీ పైకీ ఊపుతూ అన్నాడు. "గా చీర పీలిక నేనే కద బిడ్డా. ఇన్ని దినాలు గీ షెడ్డుల ఏలాడుకుంట ఉన్న. నన్ను సూస్తే ఎవ్వలకు తెల్వకపాయె."

నాయిన కాకను ప్రేమించలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గాలిటోపీ ఆయన కోసమే కొన్నాడు, రెండో కంప్రెషర్ కూడా ఆయన కోసమే. ప్రేమించాడు, రక్షించాలనుకున్నాడు, చివరికి రక్షణ కూడా ఇచ్చాడు. ఒక్కటే ఇవ్వలేదు, ఆయన మాటను మాటగా తీసుకోలేదు. అన్నదమ్ములు పోట్లాడుకోలేదు. కాక మరికొన్నేళ్లు షెడ్డులో పనిచేసి, తరవాత ఎర్రగడ్డ వైపు చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ఆదివారాలు మాత్రం షెడ్డుకు రాలేదు. నాయిన పోయినప్పుడు మంత్రాలు లేకుండా కొరివి పెట్టింది నేను. బంధువులు కొందరు మొహం తిప్పుకున్నారు. కాక నా వెనకాల నిలబడి, కుండ జారకుండా చేయి ఆసరా పెట్టాడు. వాదనకు రాని మనిషి ఆ రోజు మా వాదన వైపే నిలబడ్డాడు.

ఆయన ఊపిరితిత్తులు ఆ ముసుగు వల్లే చెడిపోయాయని నేను రాయలేను. తువాలు కట్టిన ఏళ్లు ఉన్నాయి, బీడీలు ఉన్నాయి, ఈ నగరం దుమ్ము ఉంది. ఏది ఎంత చేసిందో చెప్పే కొలత ఎవరి దగ్గరా లేదు. రుజువు లేనిది నేను అనను, నాయిన నేర్పిన చదువు అది. అయినా కాక దగ్గినప్పుడల్లా రెక్సిన్ ముసుగు అంచు కింద పాకుతున్న రంగు పొగ నాకు కనబడుతుంది. దానికి నా దగ్గర రుజువుతో పనిలేదు.

కాకను చూడడానికి వెళ్లేముందు ఆ రోజు మా పాత గల్లీ మీదుగా నడిచాను. షెడ్డు ఉన్న చోట గోడ నిండా బోర్డులు. ఇంత శాతం ఉద్యోగాలు గ్యారంటీ, ఇన్ని రోజుల్లో కోర్సు పూర్తి, ఇంత జీతం. పిల్లలు మెడలు ఎత్తి చదువుకుంటూ పోతున్నారు. అవన్నీ పిస్టన్ ఊడ్చిన అంకెలే. గొట్టం చివర ఆ పిల్లలకు ఎంత అందుతుందో ఏ బోర్డూ చెప్పదు. అప్పుడు ఊరంతటికీ ఒక్క ఇత్తడి పలక ఉన్నట్టుండేది, నమ్మి మోసపోవడానికైనా దాని దగ్గరికి పోవాల్సి వచ్చేది. ఇప్పుడు ప్రతి చేతిలో ఒక తెర, ప్రతి తెర మీద ఒక అంకె. వేలికి క్లిప్పు పెట్టి అంకె చూస్తాం, గోళీ చూసి అంకె చూస్తాం, ఫోటో తీసి పంపుకుంటాం. మంచం మీది మనిషిని చూసే పని దాంతో అయిపోతుంది. మూఢత్వం పోలేదు. బట్టలు మార్చుకుంది, నాలాంటివాళ్ల బట్టలే తొడుక్కుంది.

అందుకే కాక కళ్లు మూసుకున్నప్పుడు నేను రవితో వాదించలేదు. "ఎప్పటి సంది కాకా?" అని అడిగాను. కళ్లు తెరిచాడు. దసరా పండుగ తెల్లారినప్పటి నుంచి అన్నాడు. పడుకుంటే మరీ ఎక్కువ, కోడలు కిటికీ తీస్తే కొంచెం నయం అన్నాడు. అడిగినకొద్దీ చెబుతూనే ఉన్నాడు, అన్నీ వరసగా, తడుముకోకుండా. నేను లేచి మిషన్ వెనక చూశాను. దసరాకు కోడలు పెట్టిన పసుపు బొట్టు ఇంకా ఉంది. నాకు కోపం బొట్టు మీద రాలేదు. మిషన్‌ను పండుగకు ఇల్లు సర్దినప్పుడు, వెనకవైపు కిటికీ తెరకూ గోడకూ ఆనేట్టు జరిపి పెట్టారు, గాలి పీల్చే జల్లెడ రోడ్డు దుమ్ముతో దుప్పటిలా మూసుకుపోయి ఉంది. గోళీ ఎంత పోతుందో చెబుతుంది తమ్మీ, పోయేదాంట్ల ఆక్సిజన్ ఎంతుందో చెప్పదు అన్నాను. రవి మొహం పాలిపోయింది. వెంటనే మిషన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేశాడు. వచ్చినతను గొట్టం చివర చిన్న మీటరు పెట్టి చూసి, మీటరును రవి వైపు తిప్పాడు. ఉండవలసిన దాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. జల్లెడ ఒక్కటే కాదు, గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరు చేసే లోపలి మందు కూడా అరిగిపోయిందట. సాయంత్రానికి వేరే మిషన్ తెచ్చి పెట్టారు.

రవి తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని, "నువ్వు చెప్పింది నిజమే నాయినా" అన్నాడు, కళ్ల నీళ్లు పెట్టుకుని. కాక కొత్త గొట్టం ముక్కుకు సర్దుకుంటున్నాడు. "నిన్న చెప్పినప్పుడు సుత నిజమే కదరా" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. నాకు ఆనాటి బోరింగు చేయి కిర్రుమన్న చప్పుడు వినబడింది. రవి ఇక ఇట్లా జరగదని మాట ఇస్తున్నట్టుగా లేచి, కొత్త మిషన్ ముందు వంగి, ఫోన్ లైటు వేసి, దాని ఒంటి మీద అంటించిన చీటీలో ఎన్ని లీటర్లు, ఎంత శాతం అని పైకి చదవడం మొదలుపెట్టాడు.

కాక చేయి ఎత్తి ఆపాడు. "గది చదువకురా" అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. మళ్లీ తీసుకున్నాడు. "నన్నడుగు."